ఇల్లు ఒకసారి కొంటాం, మెయింటెనెన్సు నెలనెలా కడతాం



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. అయితే మనలో చాలామంది ఇప్పుడు ఇల్లు కట్టే బాధ మాని, కట్టిన ఇల్లు కొనుక్కుంటున్నాం. కర్నూలులోనైనా, కడపలోనైనా ఒకసారి ఊరి చివరికి వెళ్ళి చూడండి. చుట్టూ ప్రహరీ, ముందు పెద్ద గేటు, గేటు పక్కన వాచ్‌మన్ గది, లోపల సిమెంటు రోడ్లు, పిల్లలకు ఉయ్యాలలు. దానికి గేటెడ్ కమ్యూనిటీ అని పేరు. లేదంటే ఐదంతస్తుల అపార్టుమెంటు. ఏదైనా సరే, అందులో ఇల్లు కొన్నవాళ్ళు నెలనెలా ఒక రుసుము కట్టాలి. దాన్ని మనమంతా మెయింటెనెన్సు అనే అంటున్నాం. ఈ వేళ ఆ మెయింటెనెన్సు గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలని వచ్చాను.

"లక్షలు పోసి ఇల్లు కొనేవాళ్ళకు నెలకు వెయ్యి, రెండు వేలు ఒక లెక్కా?" అని మీరు అనవచ్చు. ఏనుగును కొనడం ఒక ఎత్తు, దానికి మేత పెట్టడం ఒక ఎత్తు. ఇంటి ధర మగవాళ్ళు బేరమాడతారు, బ్యాంకువాళ్ళు అప్పిస్తారు. నెలనెలా ఆ రుసుము మాత్రం మనం పాలకు, పచారీ సరుకులకు, పిల్లల ఫీజులకు పంచుకునే డబ్బులోనుంచే పోతుంది. కాబట్టి దాని సంగతి ముందుగా తెలుసుకోవలసింది మనమే.

రెండేళ్ళ కిందటి మాట. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. బావగారు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. పల్లెలో పొలం కొంత అమ్మి, కర్నూలులో మూడు పడకగదుల ఫ్లాటు కొందామనుకున్నారు. రెండు చోట్ల చూశారు. ఒకచోట మెయింటెనెన్సు చదరపు అడుగుకు నెలకు ఒక రూపాయి, ఇంకొకచోట రెండు రూపాయలు. అక్క ఫోను చేసి, "చెల్లీ, రూపాయిదే తీసుకుంటాం. పెన్షను మీద బతికేవాళ్ళం, నెలనెలా అంత యాడనుంచి తెచ్చి కడతాం?" అంది. వినడానికి న్యాయంగానే ఉంది. నేనూ వెంటనే సరే అనేదాన్నే. కాని అప్పటికే కడపలో మా వదిన పడిన అవస్థ నా కళ్ళతో చూసి ఉన్నాను.

మా అన్నయ్యవాళ్ళు కడపలో ఒక అపార్టుమెంటులో నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నారు. మా అమ్మ కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. మొత్తం 24 ఇళ్ళు. మెయింటెనెన్సు ఇంటికి వెయ్యి రూపాయలు. "ఇంత తక్కువ ఇంకెక్కడా లేదు" అని వదిన చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయింది. మూడేళ్ళు సాఫీగా గడిచాయి. నాలుగో ఏడు ఏప్రిల్‌లో బోరు అడుగంటింది. ట్యాంకర్లు మొదలైనాయి. మే నెలలో లిఫ్టు ఆగిపోయింది. మెకానిక్ వచ్చి చూసి, మోటారు బాగు చేయించాలి, పైనుంచి కింది దాకా తాళ్ళు మార్చాలి అన్నాడు. సంఘం ఖాతా చూస్తే పదకొండు వేలు ఉన్నాయి!

లిఫ్టుకూ, కొత్త బోరుకూ కలిపి ఇంటికి పన్నెండు వేలు వేసుకోవాలని లెక్క తేలింది. ఇక మొదలైంది రచ్చ. "మాకు లిఫ్టుతో పనేముంది? మేమెందుకియ్యాల?" అన్నారు మొదటి అంతస్తువాళ్ళు. ఫ్లాటు అద్దెకిచ్చి బెంగుళూరులో ఉండేవాళ్ళు ఫోనే ఎత్తలేదు. అద్దెకున్నవాళ్ళేమో "అది ఓనరు ఖర్చు" అన్నారు. రెండు నెలలు లిఫ్టు కదల్లేదు. ఈ లోపల అమ్మకు కంటి ఆపరేషనుకు ఇచ్చిన తేదీ వచ్చింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చివరికి అన్నయ్య, వాచ్‌మన్ కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు అంతస్తులూ మోసుకుని దించారు. "నన్ను పల్లకీలో ఊరేగిస్తున్నారే" అని అమ్మ నవ్వింది. వదిన మాత్రం మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది.

ఇప్పుడు ఆ వెయ్యి రూపాయల లెక్క చూద్దాం. ఇరవై నాలుగు ఇళ్ళ నుంచి నెలకు 24,000 వస్తుంది. వాచ్‌మన్ జీతం 9,000. ఊడ్చి, చెత్త తీసేవాళ్ళకు 4,000. మెట్ల దీపాలు, నీళ్ళ మోటారు, లిఫ్టు, వీటి కరెంటు 7,000. లిఫ్టు కంపెనీ కాంట్రాక్టు 3,000. అంతా కలిపి 23,000. మిగిలేది వెయ్యి. అది కూడా చిన్నా చితకా మరమ్మతులకు పోయేది. అంటే ఆ రుసుము నెల గడపడానికే సరిపోయింది. రేపటికి ఏమీ మిగల్చలేదు. మొదటి నెల నుంచీ ఇంటికి ఇంకొక 300 రూపాయలు వేసుకుని ఉంటే, నలభై నెలల్లో సరిగ్గా ఆ పన్నెండు వేలు చేరి ఉండేవి. ఎవరితో ఎవరికీ పోట్లాట ఉండేది కాదు. తక్కువ మెయింటెనెన్సు అని మురిసిపోయాం గాని, ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదమ్మా. ఒకేసారి, అది కూడా ఎండాకాలంలో, తలుపు తట్టింది.

కాబట్టి మెయింటెనెన్సులో రెండు పాళ్ళు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. ఒకటి నెలనెలా అయ్యే ఖర్చు: జీతాలు, కరెంటు, శుభ్రత, నీళ్ళు. రెండవది ఎప్పుడో వచ్చే పెద్ద ఖర్చు: లిఫ్టు, బోరు, రంగులు, మిద్దె కారడం, జనరేటరు. ఈ రెండవ దాని కోసం కొనేటప్పుడే ఒకసారి కట్టించుకునే మొత్తాన్ని కార్పస్ ఫండు అంటున్నారు. మనం పోపుల డబ్బాలో అడుగున దాచుకునే డబ్బులాంటిదే అది. రోజూ తీసి వాడుకునేది కాదు.

ఈ ఆలోచన మన సీమకు కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజుల కాలంలో, బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించాడు. 1369 నాటి శాసనం అక్కడ ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు పని చేశారని అందులో ఉంది. చెరువుకు ఉండవలసిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పారు. ఆ కాలంలో చెరువు తవ్వించినవాళ్ళకు, దాన్ని బాగు చేస్తూ కాపాడేవాళ్ళకు మాన్యం ఇచ్చేవారు. దశబంధం ఇనాం అంటారు దాన్ని. చెరువు తవ్వడంతోనే పని అయిపోదు, ఏటేటా పూడిక తీయడానికి, కట్ట గట్టిచేయడానికి రాబడి ఏర్పాటు చేసి పెట్టాలి అని వాళ్ళకు తెలుసు. లిఫ్టు, బోరు ఉన్న ఈనాటి ఇంటికి కూడా అదే నీతి వర్తిస్తుంది.

ఇక మన ప్రాంతంలో అన్నిటికంటే ముందు చూడవలసింది నీళ్ళు. హైదరాబాదులో, విజయవాడలో ఉన్న చుట్టాలు చెప్పే మెయింటెనెన్సు లెక్కలు మనకు అతకవు. మనది వాన తక్కువ సీమ. కర్నూలుకు ఒక పక్క తుంగభద్ర, ఇంకొక పక్క హంద్రి ఉన్నా, కడపకు దగ్గరలో పెన్న ఉన్నా, మే నెలలో ఇంటి కొళాయిలో నీళ్ళు వస్తాయా రావా అన్నది వేరే మాట.

ఒక చిన్న లెక్క చూడండి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు కావాలని ఇంజనీర్లు లెక్క వేస్తారు. ఇంటికి నలుగురు చొప్పున 24 ఇళ్ళకు 96 మంది. రోజుకు దాదాపు 13,000 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు అయితే రోజుకు మూడు రావాలి. ట్యాంకరు ధర 600 అనుకుందాం. మీ ఊళ్ళో ఎంతో మీకే తెలుసు, ఆ అంకె వేసుకోండి. రోజుకు 1,800. ఏప్రిల్, మే రెండు నెలలు బోరు పనిచేయకపోతే 1,08,000. ఇంటికి 4,500 రూపాయలు. అంటే నెలకు 2,250. వెయ్యి రూపాయల మెయింటెనెన్సు కట్టే ఇంటికి నీళ్ళ ఖర్చే దానికి రెండింతలకు మించి పడుతుంది. అందుకే కొనేముందు "మెయింటెనెన్సు ఎంత?" అని అడిగి ఊరుకోకండి. "పోయిన మే నెలలో ఒక్కొక్క ఇల్లు మొత్తం ఎంత కట్టింది? ట్యాంకరు డబ్బు అందులో ఉందా, వేరుగా వసూలు చేశారా?" అని అడగండి.

మునిసిపాలిటీ కొళాయి ఉందా? బోర్లు ఎన్ని, ఎంత లోతు? సంపు ఎన్ని లీటర్లు పడుతుంది? వాననీరు ఇంకే గుంతలు నిజంగా తవ్వారా, ప్లానులో గీత గీసి వదిలేశారా? ఈ ఇంకుడు గుంతలను చిన్నచూపు చూడకండి. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకుంటే, 500 చదరపు మీటర్ల మిద్దె మీద మూడు లక్షల లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో ఐదో వంతు వృథా పోయినా 2,40,000 లీటర్లు. ట్యాంకర్లలో చెప్పాలంటే నలభై ఎనిమిది! అంతా మన బోరులోకే తిరిగి రాదు, నిజమే. కాని మురుగు కాలువలోకి పోయే నీటిని బోరు చుట్టూ ఇంకించుకుంటే వేసవి కొంతైనా తేలికపడుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, వాల్టా అంటారే, అది కూడా వాననీటిని నిలుపుకోమనే చెబుతుంది.

నీళ్ళు లేని బాధ ఒకటైతే, నీళ్ళు మీదపడే బాధ ఇంకొకటి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలును ముంచిన సంగతి మనమెవరం మరిచిపోలేదు. 2020 నవంబరులో నివర్ తుఫాను వానలకు బుగ్గవంక పొంగి కడపలో కాలనీలు మునిగాయి. అపార్టుమెంటు చూడటానికి పోయినప్పుడు ఒకసారి సెల్లారులోకి దిగి చూడండి. నీళ్ళ మోటారు, జనరేటరు, కరెంటు ప్యానెలు అన్నీ అక్కడే నేల మీద పెట్టారా, గట్టు కట్టి ఎత్తున పెట్టారా? కింద పెట్టి ఉంటే, ఒక్క వరదకు అవన్నీ పాడవుతాయి. ఆ ఖర్చు పడేది మన కార్పస్ ఫండు మీదే. ఆ కట్టడానికి బీమా ఉందా అని కూడా అడగండి.

తరువాత విషయం, చదరపు అడుగుల లెక్క. చదరపు అడుగుకు రెండు రూపాయలు అంటారు. ఏ చదరపు అడుగు? మనం కాలు పెట్టి నడిచే గదుల కొలతను కార్పెట్ ఏరియా అంటారు. దానికి గోడలు, మెట్లు, వరండా, లిఫ్టు చోటు అన్నీ తలా ఇంత కలిపితే సూపర్ బిల్టప్ అవుతుంది. మెయింటెనెన్సు ఈ పెద్ద కొలత మీద వేస్తే, మనం వాడే చోటుకు రేటు పెరిగినట్టే. 1,200 అడుగుల ఫ్లాటుకు రెండు రూపాయల చొప్పున నెలకు 2,400, ఏడాదికి 28,800. రేటు మారకపోతే పదేళ్ళలో 2,88,000. జీతాలు, కరెంటు పెరిగి ఏటా నూటికి ఎనిమిది చొప్పున రుసుము పెరిగితే, పదేళ్ళలో సుమారు 4,17,000. ఇంటి ధరలో యాభై వేలు తగ్గించమని గంటసేపు బేరమాడతాం. ఈ నాలుగు లక్షల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయం! బ్యాంకు కంతు ఎంతో చూసుకునేటప్పుడు దాని పక్కనే ఈ అంకె కూడా రాసుకోండి. రెండూ కలిపి ఇంటికి వచ్చే రాబడిలో ఎంత భాగమో చూసుకోండి. కంతు ఇరవై ఏళ్ళకు తీరిపోతుంది. ఇదేమో ఆ ఇల్లున్నంత కాలం ఉంటుంది.

గేటెడ్ కమ్యూనిటీల్లో ఈత కొలను, క్లబ్బు, జిమ్ము అని రంగురంగుల బొమ్మలు చూపిస్తారు. వాటిలో తప్పేమీ లేదు. పిల్లలున్న ఇంటికి ఆడుకునే చోటు అవసరమే. కాని మంచినీళ్ళకు ట్యాంకరు తెప్పించుకునే చోట కొలను నింపడానికి నీళ్ళు ఎక్కడివి? దాని ఫిల్టరు, మందులు, కాపలా మనిషి జీతం, ఇవన్నీ ఈత రాని ఇంటివాళ్ళు కూడా కట్టాలి. ఒక్కొక్క సౌకర్యం చూపించినప్పుడల్లా "దీనికి నెలకు ఎంత అవుతుంది? మేము వాడకపోయినా కట్టాలా?" అని అడగండి. ప్లాట్లు వేసిన లేఅవుటు అయితే ఇంకొక ప్రశ్న ఉంది. లోపలి రోడ్లు, పార్కు మునిసిపాలిటీకి అప్పగించారా? అప్పగించి ఉంటే వీధి దీపాలు, కాలువలు ఎవరు చూసుకోవాలో కాగితం మీద తెలుసుకోండి. ఇంటిపన్ను కట్టి, మళ్ళీ అదే పనికి మెయింటెనెన్సు కూడా కట్టే పరిస్థితి రాకూడదు.

ఖర్చు తగ్గించే దారి కూడా ఒకటి మన దగ్గర ఉంది. మన సీమలో ఎండకు కరువు లేదు కదా! 2024లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో, నివాసుల సంఘాలు మిద్దె మీద సోలారు పలకలు పెట్టుకుంటే కిలోవాటుకు 18,000 రూపాయల సాయం ప్రకటించారు. అందరికీ ఉమ్మడిగా వాడే మోటారు, లిఫ్టు, దీపాల కరెంటు ఖర్చు దానివల్ల తగ్గుతుంది. మీరు చూసే చోట అలాంటి ఏర్పాటు ఉందేమో చూడండి.

ఇప్పుడు చట్టం మాట. భయపడకండి, మనకు పనికివచ్చేవి నాలుగే చెబుతాను. 2016లో రియల్ ఎస్టేటు చట్టం వచ్చింది. రెరా అని పిలుస్తున్నారు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించి ఇళ్ళుగాని కొత్తగా కట్టి అమ్మేవాళ్ళు దానికింద నమోదు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేకంగా రెరా సంస్థ ఉంది. మొదటి సంగతి, సంఘం చేతికి పని అప్పగించేదాకా నీళ్ళు, దీపాలు వంటి ముఖ్యమైన సేవలు చూసే బాధ్యత బిల్డరుది. దానికి అతను న్యాయమైన రుసుము మాత్రమే తీసుకోవాలి. రెండవది, ఇళ్ళు కొన్నవాళ్ళతో సంఘం ఏర్పడేట్టు చూడవలసింది కూడా అతనే. ఆ సంఘంలో చేరి పాలు పంచుకోవడం మన విధి. మూడవది, ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ళ లోపల కట్టడంలో లోపం బయటపడి మనం తెలియజేస్తే, ముప్పై రోజుల్లో ఉచితంగా బాగు చేయాలి. కాబట్టి కొత్త ఇంటి మిద్దె కారితేనో, గోడ బీటలిస్తేనో సంఘం డబ్బు తీసి బాగు చేయించే ముందు, అది బిల్డరు బాధ్యతేమో చూడండి. నాలుగవది మనకు సంబంధించినది. మన వంతు మెయింటెనెన్సు, నీళ్ళ ఖర్చు, పన్నులు సకాలంలో కట్టడం కొన్నవాళ్ళ బాధ్యత అని కూడా అదే చట్టం చెబుతుంది. "నేను మొదటి అంతస్తు, నాకు లిఫ్టు వద్దు" అంటే కుదరదు.

ఈ సంఘం నలుగురు కూర్చుని పేరు పెట్టుకున్నది అయితే చాలదు. అపార్టుమెంట్ల గురించి మన రాష్ట్రంలో 1987 నుంచే చట్టం ఉంది. సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం కింద గాని, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద గాని నమోదు చేసుకోవడం వాడుక. నమోదైన సంఘానికి నియమావళి ఉంటుంది, సొంత బ్యాంకు ఖాతా ఉంటుంది, ఏడాదికొకసారి లెక్క చెప్పే సభ ఉంటుంది. మనం కట్టిన కార్పస్ ఫండు ఆ ఖాతాలో ఉందా, ఇంకా బిల్డరు దగ్గరే ఉందా? ఇది తప్పనిసరిగా అడగండి. పన్ను సంగతి కూడా వినండి. నివాసుల సంఘానికి సభ్యులు కట్టే మెయింటెనెన్సు నెలకు 7,500 దాకా అయితే దానిమీద జీఎస్టీ లేదు. బిల్డరో, వేరే కంపెనీయో నేరుగా వసూలు చేస్తే ఆ మినహాయింపు వాళ్ళకు వర్తించదు. నూటికి పద్దెనిమిది అదనంగా పడవచ్చు. సంఘం త్వరగా ఏర్పడటం మన పర్సుకు కూడా మంచిదే అన్నమాట.

పాత ఫ్లాటు కొనేవాళ్ళు ఒక కాగితం మరిచిపోకండి. అమ్మేవాళ్ళు మెయింటెనెన్సు బకాయి లేరని సంఘం నుంచి రాయించుకోండి. లేకపోతే వాళ్ళ పాత బాకీ అడగడానికి సంఘంవాళ్ళు కొత్తగా వచ్చిన మన తలుపే తడతారు. కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజే పక్కింటివాళ్ళతో పేచీ ఎందుకు?

ఈ మాటలన్నీ అక్కకు చెప్పాను. "ఇన్ని అడిగితే వాళ్ళు ఏమనుకుంటారో" అంది. కూరగాయల దగ్గర వంకాయ పుచ్చు ఉందేమో తిప్పి తిప్పి చూస్తాం. జీవితమంతా కూడబెట్టిన డబ్బు పోసేటప్పుడు మొహమాటం దేనికి? అక్క ఈసారి బావగారిని వెంటబెట్టుకుని మధ్యాహ్నం పూట రెండు చోట్లకూ పోయింది. ఆఫీసులో కూర్చున్నవాళ్ళను కాకుండా, అక్కడ కాపురమున్న ఆడవాళ్ళను పలకరించింది. వాచ్‌మన్ భార్యను పక్కకు పిలిచి "నీళ్ళు ఎట్లమ్మా?" అని అడిగింది. రూపాయి చోట నోటీసు బోర్డు మీద పాత పండుగ చందా కాగితం తప్ప ఏమీ లేదు. ట్యాంకరు డబ్బు ఎప్పటికప్పుడు వేరుగా వేసుకుంటారట. రెండు రూపాయల చోట పోయిన నెల జమాఖర్చు అతికించి ఉంది. ప్రతి ఇంటికి నీళ్ళ మీటరు ఉంది. ఇంకుడు గుంతలు రెండు, మూతలు తీసి చూపించారు. కార్పస్ ఫండు బ్యాంకులో సంఘం పేరు మీద డిపాజిట్టుగా ఉంది.

అయినా పెన్షను పెన్షనే కదా! మూడు పడకగదుల ఫ్లాటుకు నెలకు 2,400 కట్టడం వాళ్ళకు బరువే. అక్క, బావగారు ఒక రాత్రంతా కూర్చుని లెక్క వేసుకున్నారు. చివరికి ఆ రెండు రూపాయల చోటే, మూడు గదులది మాని రెండు పడకగదులది కొన్నారు. 950 అడుగులు, నెలకు 1,900. ఇంటి ధర కూడా తగ్గింది. మిగిలిన డబ్బు బ్యాంకులో వేశారు. దాని వడ్డీలోంచి మెయింటెనెన్సు పోతుంది. "పిల్లలు సంవత్సరానికి రెండుసార్లు వస్తారు, హాల్లో పరుపులు వేస్తే సరిపోదా?" అంది అక్క. పోయిన వేసవిలో ఫోను చేసినప్పుడు నీళ్ళ సంగతి అడిగాను. "మీటరు చూసుకుంటా వాడుకుంటాండాం" అంది.

అందరూ రెండు రూపాయల చోటే కొనాలని నేను చెప్పడం లేదు. ఎక్కువ రుసుము వసూలు చేసి లెక్క చెప్పని చోట్లు కూడా ఉంటాయి. ఆ రుసుముకు బదులు ఏమి వస్తుంది, రేపటికి ఎంత మిగులుతుంది, లెక్క ఎవరు చూపిస్తారు? ఈ మూడూ తెలిస్తే ఎక్కువో తక్కువో మీకే తేలిపోతుంది.

మా వదినవాళ్ళ అపార్టుమెంటులో కూడా చివరికి లిఫ్టు బాగైంది. అమ్మకు తరువాత ఇచ్చిన తేదీన రెండో కంటికి కూడా ఆపరేషను అయింది, ఈసారి కుర్చీ అవసరం పడలేదు. ఇప్పుడు అక్కడ ఇంటికి 1,500 వసూలు చేస్తున్నారు. అందులో 300 ముట్టుకోకుండా వేరే ఖాతాలో వేస్తున్నారు. ఆ లెక్క రాసేది ఎవరనుకున్నారు? మా వదినే. సంఘానికి ఆమె కోశాధికారి. ప్రతి నెలా ఐదో తేదీన జమాఖర్చు రాసి లిఫ్టు పక్కనే అంటిస్తుంది. ఇంటి పద్దు రాయడం వచ్చిన మనకు ఈ పద్దు రాయడం ఎంత పని చెప్పండి?

ఇల్లు చూడటానికి వెళ్ళేటప్పుడు చేతిసంచిలో ఒక చిన్న పుస్తకం, పెన్ను పెట్టుకుని వెళ్ళండి. గోడల రంగు తరువాత చూడవచ్చు. ముందు పోయిన మే నెల లెక్క అడిగి రాసుకోండి.